భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే బండి మిస్సింగ్ కొడుతోంది, కార్బురేటర్ మార్చాల్సిందేనా?

కొర్లగుంట కుర్రోడు – ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నాది తిరుపతి, కొర్లగుంట. బండి 2013 మోడల్, 150 సీసీ, కార్బురేటర్‌ది. 68 వేల కిలోమీటర్లు తిరిగింది. నాన్న కొన్న బండి. ఆయన పోయాక నేను నడుపుతున్నాను, మా అమ్మ ఒప్పుకోదు కాబట్టి బండిని అమ్మేసే ఆలోచన లేదు.

ప్రతి శనివారం అమ్మను ఎక్కించుకుని పీలేరు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోతాం. కార్తీక మాసం వానల తరువాత నుంచి సమస్య మొదలైంది. తిరుపతిలో, చంద్రగిరి దాకా ఏ ఇబ్బందీ లేదు. భాకరాపేట ఘాట్ మొదలై, మూడో గేరులో కొంచెం ఎక్కువ రేస్ ఇస్తే చాలు, టక్ టక్ మని పట్టేసినట్టు ఆగుతుంది, మళ్ళీ అందుకుంటుంది. రేస్ తగ్గిస్తే సర్దుకుంటుంది. పోయిన వారం మలుపులో వెనక లారీ ఉండగా ఒక్కసారిగా ఊపిరి ఆగినట్టు అయింది. అమ్మ దిగి నడుస్తానంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

మెకానిక్ దగ్గర ప్లగ్ మార్పించాను, కార్బురేటర్ విప్పి క్లీన్ చేశారు. 1,100 అయింది. తేడా లేదు. ఇప్పుడు కార్బురేటర్ మొత్తం కొత్తది వేయాలి, 2,800 అవుతుంది అంటున్నారు. వేయించేదా? ఇంట్లో నేనే చూసుకోగలిగింది ఏమైనా ఉందా? పానాల సెట్టు ఉంది, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి.

పాత పానా – ఆదివారం, రాత్రి 9:58

తమ్ముడూ, డబ్బు ఇప్పుడే పెట్టొద్దు. చిత్తూరులో 24 ఏళ్ళు షెడ్డు నడిపినవాణ్ణి. మిస్సింగ్ అన్న మాట వినగానే కార్బురేటర్ మీద పడటం మా వృత్తిలో అందరికీ ఉన్న అలవాటు. నేనూ మొదట్లో అలాగే చేశాను, ఎంతోమందికి అనవసరపు ఖర్చు పెట్టించాను. అందుకే చెబుతున్నాను.

ముందు వీటికి జవాబు చెప్పు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూడా వస్తుందా, వేడెక్కాకే వస్తుందా? సమతలం మీద అదే రేస్ ఇస్తే వస్తుందా? వాన పడిన రోజు ఎక్కువవుతుందా? స్లో స్పీడులో నిలకడగా ఉంటుందా? ఘాట్‌లో మిస్ అవుతున్నప్పుడు చోక్ కొంచెం లాగి చూశావా?

ప్లగ్ విప్పి ముక్కు ఏ రంగులో ఉందో కూడా చూడు. కానీ ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పు. ప్లగ్ బిగించి ఉండే ఇంజన్ పై భాగం, అదే హెడ్డు, అల్యూమినియం, వేడి మీద విప్పితే మరలు ఊడి వస్తాయి. ఆ నష్టం ముందు 2,800 ఏపాటిది.

మామిడితోట – ఆదివారం, రాత్రి 10:31

మాది దామలచెరువు. వాన తరువాత మొదలైంది అంటున్నారు కాబట్టి పెట్రోల్‌లో నీళ్ళు ఉన్నాయేమో చూడండి. నాకు రెండేళ్ళ కిందట అదే జరిగింది. టాంకు మూత చుట్టూ పడిన వాన నీళ్ళు కిందికి పోవడానికి ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. తోటలో తిరిగే బండి కదా, అది మట్టితో మూసుకుపోయింది. నీళ్ళు అక్కడే నిలిచి, మూత రబ్బరు సందుల్లోంచి టాంకులోకి దిగాయి.

కార్బురేటర్ అడుగున గిన్నెలాంటి భాగం ఉంటుంది, దానికి చిన్న డ్రెయిన్ స్క్రూ. దాని కింద గాజు సీసా పెట్టి స్క్రూ వదులు చేస్తే గిన్నెలోదంతా దిగుతుంది. పది నిమిషాలు కదపకుండా పెట్టండి. నీళ్ళుంటే అడుగున గుండ్రటి బొట్లుగా విడిగా కనిపిస్తాయి. ఇప్పుడు వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ఇంకా ప్రమాదం.

సిగరెట్, దీపం దగ్గర లేకుండా, బయట చేయండి.

కొర్లగుంట కుర్రోడు – సోమవారం, రాత్రి 8:45

పానా అన్నా, అడిగినవన్నీ చూశాను.

చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా వస్తుంది. కరకంబాడి రోడ్డులో ఒక్కడినే పోతూ అదే రేస్ ఇచ్చాను, దాదాపు రాలేదు. అదే రోడ్డులో నాలుగో గేరులో మెల్లగా పోతూ ఒక్కసారిగా రేస్ తిప్పితే మాత్రం రెండు మూడు సార్లు టక్ మంది. స్లో స్పీడ్ నిలకడగానే ఉంది. తిరుమల బైపాస్ రోడ్డు ఫ్లైఓవర్ ఎక్కుతూ చోక్ కొంచెం లాగి చూశాను, మెరుగు కాలేదు, ఇంకాస్త బరువెక్కింది.

మామిడితోట అన్నా, సీసాలో పట్టాను. అరగంట చూశాను, ఒక్క బొట్టు నీళ్ళు లేవు. టాంకు మూత దగ్గర రంధ్రంలో సైకిల్ పుల్ల దూర్చి చూశాను, తెరిచే ఉంది.

ప్లగ్ ముక్కు లేత కాఫీ రంగులో ఉంది. ఒక పక్కన మాత్రం కొంచెం మసి.

పాత పానా – సోమవారం, రాత్రి 9:30

మంచి పని చేశావు. ఇప్పుడు విను.

ప్లగ్ ముక్కు లేత గోధుమ రంగు అంటే పెట్రోల్, గాలి పాళ్ళు సుమారుగా సరిపోయాయి. పూర్తిగా తెల్లగా పొడి బారి ఉంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. నల్లటి పొడి మసి అయితే పెట్రోల్ ఎక్కువ. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోందని, అది పిస్టన్ రింగుల కథ. నీది ఇవేవీ కావు. చోక్ లాగితే పెట్రోల్ పాలు పెరుగుతుంది. పెట్రోల్ అందక మిస్ అవుతుంటే చోక్‌తో తాత్కాలికంగానైనా మెరుగవ్వాలి. కాలేదు. అంటే కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం, అదే జెట్టు, మూసుకుపోయిందన్న అనుమానం చాలావరకు పోయింది.

బరువు పడినప్పుడే వస్తోంది, రేస్‌కు కాదు. ఇది కరెంటు జబ్బు లక్షణం. ప్లగ్ మీద తొడిగే క్యాప్, ఆ క్యాప్ నుంచి కాయిల్‌కు పోయే లావు వైరు, రవ్వకు కావాల్సిన ఎక్కువ వోల్టేజీ పుట్టించే కాయిల్, ఈ మూడింటి మీద నా కన్ను. అందులోనూ మొదట క్యాప్.

మామిడితోట – సోమవారం, రాత్రి 9:52

పానా అన్నా, ఒక సందేహం. కరెంటు జబ్బు అయితే ఎప్పుడూ మిస్ కావాలి కదా? ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకు?

పాత పానా – సోమవారం, రాత్రి 10:20

మీ తోటలో డ్రిప్పు పైపు ఉంటుంది కదా. పైపుకు ఎక్కడో సన్నటి చీలిక ఉందనుకోండి. చివర వాల్వు తెరిచి ఉన్నంతసేపు నీళ్ళు దారిన పోతాయి, చీలిక తెలియదు. వాల్వు సగం మూయండి, లోపల ఒత్తిడి పెరిగి చీలికలోంచి చిమ్ముతుంది. ఇక్కడా అంతే.

ప్లగ్ ముక్కు దగ్గర నిప్పురవ్వ దూకాల్సిన సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. బయట గాలిలో ఆ సందు దూకడం సులువు. ఇంజన్ లోపల పిస్టన్ నొక్కిన గాలిలో కష్టం. రేస్ ఎక్కువ తిప్పి బరువు ఎక్కినప్పుడు సిలిండర్ నిండా గాలి, పెట్రోల్ చేరతాయి, నొక్కుడు ఇంకా పెరుగుతుంది. అప్పుడు రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. క్యాప్ రబ్బరులో పగులో, లోపల చెమ్మో ఉంటే ఆ కరెంటు ప్లగ్ ముక్కు దాకా పోకుండా పగులులోంచి హెడ్డుకు దూకేస్తుంది. ఆ ఒక్క సారి లోపల మంట పుట్టదు. మీకు టక్ మని తెలిసేది అదే.

అందుకే ప్లగ్ బయటికి తీసి, హెడ్డుకు ఆనించి కిక్ కొట్టి, నీలం రవ్వ వచ్చింది కాబట్టి కరెంటు బాగుంది అనడం తప్పు. బయట వచ్చినంత మాత్రాన లోపల ఒత్తిడిలో వస్తుందన్న నమ్మకం లేదు.

పలమనేరు పాలబండి – మంగళవారం, ఉదయం 6:10

అన్నా, నాది బీఎస్6 ఇంజెక్షన్ బండి. పొద్దున్నే పాలు వేసుకుని మొగిలి ఘాట్ మీదుగా వస్తాను. నాకూ ఇలాగే ఉంది. ఇవే పనులు చేయొచ్చా?

పాత పానా – మంగళవారం, ఉదయం 7:05

పాలబండి తమ్ముడూ, నీది వేరు. 2020 ఏప్రిల్ 1 తరువాత వచ్చిన బీఎస్6 బండిలో కార్బురేటర్, చోక్ ఉండవు. మీటరులో ఇంజన్ బొమ్మ లైటు వెలుగుతోందా, ఎన్నిసార్లు మిణుకుతోందో లెక్కపెట్టు. ఆ లెక్కే జబ్బు పేరు, మాన్యువల్‌లో ఉంటుంది. ప్లగ్, క్యాప్ వరకు నువ్వూ చూసుకోవచ్చు. పెట్రోల్ పంపు, ఇంజెక్టర్ జోలికి ఇంట్లో పోవద్దు, ఆ పైపులో ఒత్తిడి మీద పెట్రోల్ ఉంటుంది. విడిగా రాయి, దాని సంగతి దానిలో చూద్దాం.

మల్టీమీటర్ – మంగళవారం, ఉదయం 8:15

ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పడం నా ఉద్యోగం, బండ్లు ఇష్టం. పానా గారు చెప్పిన దానికి కొలతలు జోడిస్తాను.

ప్లగ్ క్యాప్ లావు వైరు చివరకు మర చుట్టి ఉంటుంది. క్యాప్‌ను ఎడమవైపు తిప్పుతూ లాగితే ఊడి వస్తుంది. క్యాప్‌ను మాత్రమే మల్టీమీటర్‌తో ఆ చివర, ఈ చివర పెట్టి రెసిస్టెన్స్, అంటే కరెంటుకు ఎంత అడ్డు ఉందో, కొలవండి. చాలా బండ్లలో 5 కిలో ఓమ్స్ దగ్గర ఉంటుంది. దానికి రెండు మూడు రెట్లు చూపినా, కదిపితే మారుతూ ఉన్నా, అసలేమీ చూపకపోయినా క్యాప్ పోయినట్టే. కాయిల్‌కు ఎంత ఉండాలో మీ బండి మాన్యువల్ చూసి పోల్చండి, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క.

బ్యాటరీ కూడా చూడండి. ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తూ రేస్ ఇచ్చినప్పుడు 14 దగ్గర ఉండాలి.

ఒక జాగ్రత్త. ప్లగ్ పెట్టకుండా క్యాప్‌ను గాలిలో వదిలి కిక్ కొట్టొద్దు. కరెంటు పోయే దారి లేక కాయిల్ లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటుంది, కాయిల్‌కు కరెంటు పంపే సీడీఐ పెట్టె కూడా పోవచ్చు. చేత్తో పట్టుకుంటే గట్టి షాక్ కొడుతుంది.

ఏడుకొండల దారి – మంగళవారం, మధ్యాహ్నం 1:40

కొండమీద ఉద్యోగం నాకు. బండి మీదే రోజూ రెండో ఘాట్ రోడ్డులో ఎక్కి, మొదటి ఘాట్ రోడ్డులో దిగుతాను. నా అనుభవం కూడా చెబుతాను, మీకు పనికిరావచ్చు.

నా బండి మలుపుల్లోనే ఆగేది. అందరూ ఎత్తు, బరువు, పెట్రోల్ అన్నారు. కానీ దిగేటప్పుడు, రేస్ మొత్తం వదిలేసినప్పుడు కూడా మలుపులో మీటరు లైటు ఒక్క క్షణం ఆరి వెలిగేది. దిగేటప్పుడు ఇంజన్ మీద బరువేముంది? హ్యాండిల్ కుడివైపు పూర్తిగా తిరిగినప్పుడే వస్తోందని చివరికి గమనించాను. తాళం దగ్గర నుంచి వచ్చే వైర్ల కట్ట హ్యాండిల్ మెడ దగ్గర వంగి వంగి, లోపల రాగి తెగిపోయింది. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉండేది, అందుకే ఎవరికీ కనిపించలేదు.

తమ్ముడూ, స్టాండ్ వేసి, ఇంజన్ ఆన్ చేసి, హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడండి. రెండు నిమిషాల పని.

చిన్నగొట్టిగల్లు – మంగళవారం, సాయంత్రం 5:25

ప్లగ్ సందు పెంచితే రవ్వ పెద్దదై మిస్సింగ్ పోతుందని మా ఊళ్ళో అంటారు. 1 మిల్లీమీటర్ పెట్టి చూడొచ్చు కదా?

మల్టీమీటర్ – మంగళవారం, సాయంత్రం 6:02

వద్దండీ. సందు పెంచితే దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి, కారేచోట ఇంకా కారుతుంది. ఎక్కడైనా దారిలో చిక్కుకుంటే దీనికి సరిగ్గా ఉల్టా చేయాలి. 0.8 ఉన్నదాన్ని 0.6కు తగ్గిస్తే ఇల్లు చేరే దాకా మిస్సింగ్ తగ్గుతుంది. తగ్గిందంటే కరెంటు జబ్బేనని రుజువు కూడా దొరికినట్టే.

కొర్లగుంట కుర్రోడు – బుధవారం, రాత్రి 10:50

దొరికింది! ఇప్పుడే చూశాను, వెంటనే రాస్తున్నాను.

పానా అన్న ఫోన్లో ఒక పరీక్ష చెప్పారు. రాత్రి బాగా చీకటి పడ్డాక చేయమన్నారు. మా సందులో వీధి దీపం మా గేటు దాకా రాదు. తొమ్మిదిన్నరకు బండి స్టార్ట్ చేసి, స్లో స్పీడులో పెట్టి, ఇస్త్రీకి వాడే నీళ్ళ స్ప్రే సీసాతో లావు వైరు మీద సన్నగా చల్లాను. ఏమీ లేదు. క్యాప్ మీద చల్లాను. ఇంజన్ వెంటనే తడబడింది. రేస్ కొంచెం పెంచి, తల వంచి చూశాను. క్యాప్ కింది అంచు నుంచి హెడ్డు రెక్కకు దారప్పోగంత సన్నటి నీలం వెలుగు, వంకర టింకరగా, టిక్ టిక్ మని దూకుతోంది. ఒకచోట నిలవదు, రెండు మూడు చోట్ల మారుతోంది. అమ్మను పిలిచి చూపించాను. "మీ నాయన ఉంటే ఎంత సంబరపడేవాడో" అంది.

ఇంజన్ ఆపి, చల్లారాక క్యాప్ తిప్పి ఊడదీశాను. లోపల వైరు చివర రాగి పోగులు ఆకుపచ్చగా పొడి రాలుతున్నాయి. క్యాప్ లోపలి గోడ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత, పైనుంచి కింది అంచు దాకా. పక్కింటి తమ్ముడి మల్టీమీటర్‌తో కొలిస్తే ఒకసారి 19 కిలో ఓమ్స్, కదిపితే అసలు లేదు.

పాత పానా – గురువారం, ఉదయం 6:40

ఆ నల్లగీతే కరెంటు పోయిన దారి. ఒకసారి కరెంటు అక్కడ నడిస్తే బొగ్గు గీత పడుతుంది, బొగ్గులోంచి కరెంటు సులువుగా పోతుంది, కాబట్టి అది ఆరబెట్టినా, తుడిచినా మళ్ళీ అదే దారి పడుతుంది. క్యాప్ మార్చాల్సిందే.

కొత్తది తెచ్చాక, లావు వైరు చివర ఆకుపచ్చ పోయి మెరిసే రాగి కనిపించే దాకా కత్తిరించు. 6, 7 మిల్లీమీటర్లు చాలు, వైరు పొట్టి కాకూడదు. క్యాప్ మర సరిగ్గా రాగి పోగుల మధ్యలోకి దిగేలా నిటారుగా తిప్పు. ప్లగ్ మళ్ళీ పెట్టేటప్పుడు ముందు చేత్తోనే తిప్పుతూ చివరి దాకా పోనివ్వు, పానాతో మొదలుపెట్టకు. చెయ్యి ఆగాక, కొత్త ప్లగ్ అయితే సుమారు అర తిప్పు. నీ ప్లగ్ ఒకసారి బిగించిందే కాబట్టి అంతకంటే బాగా తక్కువ, వాషర్ ఆనితే చాలు.

మరో మాట. ఇప్పుడు క్యాప్ ఒక్కటే మార్చు. ఎయిర్ ఫిల్టర్, ట్యూనింగ్ ఏదీ ముట్టుకోకు. రెండు ఒకేసారి మారిస్తే ఏది బాగుచేసిందో తెలియదు.

కొర్లగుంట కుర్రోడు – ఆదివారం, సాయంత్రం 7:15

క్యాప్ 120 రూపాయలకు బిల్లుతో తెచ్చి వేశాను. నిన్న ఒక్కడినే భాకరాపేట ఘాట్ ఎక్కాను. అమ్మను తీసుకుపోలేదు, ముందు నేను నమ్మాలి కదా. వెనక సీటుకు 25 కిలోల బియ్యం మూటలు రెండు కట్టుకున్నాను, అమ్మ కూర్చున్నంత బరువు ఉండాలని.

మూడో గేరులో మూడొంతులు రేస్ తిప్పాను. టక్ అన్న మాటే లేదు. బండి కొత్తప్పుడు నాన్న వెనక కూర్చుని ఎక్కినట్టుంది.

కానీ పైనుంచి వచ్చేటప్పుడు, ఒక కుడి మలుపులో, రేస్ వదిలేసి ఉండగా, ఒక్కసారి టప్ మని ఆగి అందుకుంది. నాకు గుండె జారింది. అప్పుడు ఏడుకొండల దారి అక్క రాసింది గుర్తొచ్చింది. బరువు లక్షణం సరిపోయిందని ఆ పరీక్ష నేను చేయలేదు. ఇంటికొచ్చి స్టాండ్ వేసి, ఇంజన్ ఆన్ చేసి హ్యాండిల్ తిప్పాను. ఎడమవైపు ఏమీ లేదు. కుడివైపు చివరకు తిప్పి, అక్కడే కొంచెం ఊపితే ఆగిపోయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ ఆగింది.

వెనక లారీ ఉన్నప్పుడు ఒక్కసారిగా ఊపిరి ఆగినట్టు అయింది అన్నానే, అదీ కుడి మలుపే.

ఏడుకొండల దారి – ఆదివారం, రాత్రి 8:05

తమ్ముడూ, అదే. రెండు జబ్బులు కలిసి ఉన్నాయి కాబట్టి ఒకటిగా కనిపించాయి. మెకానిక్‌కు దొరక్కపోవడానికీ అదే కారణం అయ్యుంటుంది. హెడ్‌లైట్ విప్పి, తాళం వైర్ల కట్ట మెడ దగ్గర వంగే చోట ఒక్కొక్క వైరునూ మెల్లగా లాగి చూడండి. తెగినది రబ్బరులా సాగుతుంది, మిగతావి సాగవు. ముందు బ్యాటరీ వైరు తీసేసి చేయండి.

కొర్లగుంట కుర్రోడు – మంగళవారం, రాత్రి 9:35

అక్కా, అక్షరాలా మీరు చెప్పినట్టే. ఒక వైరు జిగురులా సాగింది. తొడుగు చీల్చి చూస్తే లోపల రెండు మూడు పోగులే మిగిలి ఉన్నాయి, మిగతావి తెగి నల్లబడ్డాయి. అంతే లావు వైరు ముక్క తెచ్చి, టంకం పెట్టించి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగాను. హ్యాండిల్ పదిసార్లు తిప్పి ఊపాను, ఆగలేదు.

పాత పానా – బుధవారం, ఉదయం 6:55

టంకం పెట్టిన చోటు గట్టిగా ఉంటుంది, వంగదు. అది సరిగ్గా మెడ వంగేచోట పడితే దాని పక్కన వైరు మళ్ళీ తెగుతుంది. అతుకు వంపుకు కొంచెం అవతల ఉండేలా సర్దు. కట్టను బిగించి కట్టకు. హ్యాండిల్ రెండు వైపులా చివరకు తిప్పినా వైరు లాగినట్టు ఉండకూడదు, ఒక వేలు దూరేంత వదులు ఉండాలి.

కొర్లగుంట కుర్రోడు – బుధవారం, రాత్రి 9:10

అతుకు సరిగ్గా వంపులోనే ఉంది అన్నా, రెండు అంగుళాలు వెనక్కి జరిపాను. కట్టు విప్పి వదులుగా మళ్ళీ కట్టాను. పాత క్యాప్‌ను పారేయలేదు, ఆ నల్లగీత మా మెకానిక్ అన్నకు కూడా చూపించాను, ఆయన చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఈ శనివారం పొద్దున ఆరింటికి అమ్మతో బయలుదేరుతున్నాం.